తలుపు అవతలి ఊపిరి

లిఫ్టు తలుపుకి పనిచేయదని రాసిన అట్టముక్క వేలాడుతోంది. పనిచేయని లిఫ్టు ఊరికే పడి ఉండాలి కదా, ఉండటం లేదు. లోపల ఎక్కడో పైన ఇనుపతాడు కిర్రుమని సాగి, కాసేపు ఊరుకుని, మళ్ళీ కిర్రుమంటోంది, నిద్రలో ఎవరో పక్కకి ఒత్తిగిలినట్టు. ఆమె ఆ చప్పుడు వింటూ నిలబడి, సరేలే, పుట్టి బుద్ధెరిగాక మెట్లు ఎక్కలేదా ఏంటి, ఐదంతస్తులేగా, అనుకుంది. చంకలో కర్టెన్ గుడ్డ తాను ఉంది, భుజానికి సంచి ఉంది, సంచిలో రింగులూ టేపూ సుద్దముక్కలూ ఉన్నాయి. పొద్దున ఎవరింట్లోనో కిటికీలు కొలిచి, షాపులో బూడిదరంగు గుడ్డ తీయించుకుని, బస్సు దొరక్క సగం దూరం నడిచి వచ్చింది. ఎండలోంచి లోపలికి రాగానే కళ్ళకి చీకట్లు కమ్మాయి, అది ఎండ వల్ల. ఎడమవైపు దవడ కింద సన్నగా లాగుతోంది, అది పన్ను వల్ల. వీపు వెనక రెక్క దగ్గర బరువు, అది కుట్టుమిషను వల్ల, రోజంతా వంగి కూర్చుంటే ఎవరికి మాత్రం ఉండదు. ఏ కిటికీకి ఆ కర్టెన్ అన్నట్టు ఏ నొప్పికి ఆ కారణం ఆమె దగ్గర ఎప్పుడో కత్తిరించి సిద్ధంగా ఉంది. రెయిలింగు పట్టుకుంది, చల్లగా తగిలింది, ఇంతకుముందే ఎవరో తడిచేత్తో పట్టుకుని వెళ్ళినట్టు కాస్త చెమ్మగా కూడా ఉంది. అందరూ పనులకి పోయిన వేళ, పిల్లలు బడి నుంచి ఇంకా రాలేదు, మేడ మొత్తంలో ఒక్క రేడియో గొంతు కూడా లేదు. చెప్పుల చప్పుడు పైకెళ్ళి, ఎక్కడో తగిలి, కొంచెం ఆలస్యంగా కిందికి తిరిగొస్తోంది.

మొదటి అంతస్తు, దిగేవాళ్ళు దిగండమ్మా, ఎక్కేవాళ్ళు కాస్త ఆగండి. ఆమె భర్త గొంతు అలాగే ఉండేది, ముక్కుతో సగం, నోటితో సగం. జీవితమంతా సిటీ బస్సులో కండక్టరు చేసిన మనిషి ఇంటి మెట్లని మాత్రం వదులుతాడా, ప్రతి మలుపు దగ్గరా ఆగి, చెయ్యి పైకెత్తి లేని తాడు లాగి, నోటితో గంట కొట్టి, స్టాపు పేరు అరిచేవాడు. మొదటి అంతస్తుకి పాలడబ్బా స్టాపని పేరు పెట్టాడు, అక్కడివాళ్ళు ఎప్పుడూ ఖాళీ డబ్బాలు గుమ్మంలో పెట్టేవాళ్ళు కనక. "ఏమ్మా, లేడీస్ సీటు ముందుకి, చిల్లర తీసి చేత్తో పట్టుకోండి," అనేవాడు ఆమె వీపు వెనకనుంచి. ఆమె నవ్వి, "మీ బస్సు మీరు నడుపుకోండి, నాకు పొయ్యి మీద పనుంది," అని పైకి వెళ్ళిపోయేది. ఆగి వెనక్కి చూసి ఉంటే ఏం కనపడేదో. లేని తాడు లాగటానికి ఎత్తిన చెయ్యి గోడని పట్టుకుని ఉండేదేమో. పాలడబ్బాలు ఇవాళ లేవు. ఆ ఇల్లు ఖాళీ అయి ఎన్నాళ్ళయిందో, తలుపు మీద దుమ్ములో ఎవరివో నాలుగు వేళ్ళ గుర్తులు, కిందికి జారినట్టు. ఆమె వాటిని చూడనట్టే చూసి దాటింది. ఈ పన్ను నొప్పికి మొన్నొకసారి పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది కూడా, ఆ అబ్బాయి అద్దం పెట్టి, లైటు వేసి, చిన్న సుత్తిలాంటి దాంతో ఒక్కో పన్ను మీదా కొట్టి చూసి, "మీ పళ్ళు మీకంటే గట్టిగా ఉన్నాయి ఆంటీ, నొప్పి ఎప్పుడొస్తోంది, తింటుంటేనా?" అన్నాడు. కాదు, నడుస్తుంటే, అంది. నడుస్తుంటే పన్ను నొప్పేంటి ఆంటీ, అని ఆ అబ్బాయి నవ్వాడు, ఆమె కూడా నవ్వింది. ఇద్దరూ అంత చక్కగా నవ్వుకున్నారు కానీ ఇద్దరిలో ఒక్కరైనా ఆ మాటని మళ్ళీ ఒకసారి వినలేదు. నడుస్తుంటే వస్తోంది. ఆగితే పోతోంది.

రెండో అంతస్తుకి వెళ్ళే మెట్ల మధ్యలో గాలి పలచబడింది. అలాగే అనిపించింది, ఎవరో కిటికీలన్నీ బిగించి, లోపలున్న గాలిని కాస్త కాస్త బయటికి తోడేస్తున్నట్టు. నోరు తెరిచి పీల్చింది. పీల్చిన గాలి గొంతు దాటాక ఎటు పోతోందో తెలియలేదు. ఆగింది. అప్పుడు విన్నది, పైన ఎక్కడో, మలుపు తిరిగితే ఉండే చోట, ఇంకెవరో ఊపిరి తీస్తున్నారు. దీర్ఘంగా లోపలికి, చివర్లో చిన్న ఈల లాంటిది, ఆగి, మళ్ళీ. తన ఊపిరే గోడకి తగిలి వస్తోందేమో అని కాసేపు బిగబట్టింది. బిగబట్టినా అది ఆగలేదు. ఒక్కటంటే ఒక్కటి ఎక్కువ వినిపించి, తర్వాత అదీ మానేసింది, తను వింటోందని తెలిసి మానేసినట్టు. మెడ వెనక వెంట్రుకలు లేచాయి. లిఫ్టు తాడే అయ్యుంటుంది. పాత మేడలు ఊపిరి తీస్తాయని ఆయనే అనేవాడు, రాత్రంతా పడుకుని పగలు ఆవులిస్తాయే, అని. రెండో అంతస్తుకి చెప్పుల స్టాపని పేరు, ఇక్కడే కూర్చుని బూటు లేసు కట్టుకునేవాడు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు కట్టిన లేసు, ఇంటికొచ్చేటప్పుడు కట్టిన లేసు, ఎప్పుడు చూసినా ఇక్కడికి వచ్చేసరికి ఊడిపోయి ఉండేది. "ఈ లేసు మీ తమ్ముడి లాంటిది, ఎంత గట్టిగా కట్టు, రెండడుగులకి జారుకుంటుంది," అనేవాడు తల ఎత్తకుండా. తల ఎత్తేవాడు కాదు. అదే. మొహం కనపడకుండా వంగి, ఎంతసేపో లేసుతో కుస్తీ పట్టి, లేచేసరికి పెదాలు కాస్త నల్లబడి, నుదురు తడిగా ఉండేది, "వంగితే రక్తం తలకెక్కుతుంది," అని తనే చెప్పేవాడు ఎవరూ అడగకుండానే. ఆయన చివర్లో వేసుకున్న బూట్లు లేసులు లేనివి. ఆ సంగతి ఇప్పుడు, ఈ మెట్టు మీద, రెయిలింగుకి నడుము ఆనించి నిలబడ్డాక గుర్తొచ్చింది. లేసులు లేని బూట్లకి కూడా ఆయన ఇక్కడ వంగి లేసులు కట్టుకునేవాడు.

నిలబడితే తగ్గాలి. ఇన్నాళ్ళూ తగ్గింది. కూరగాయల సంచితో ఎత్తు ఎక్కినప్పుడు, బస్సు కోసం పరిగెత్తినప్పుడు, తడి కర్టెన్ రాడ్డుకి తగిలించటానికి చేతులు పైకెత్తినప్పుడు, వచ్చింది, ఆగితే పోయింది, పోయింది కదా అని మర్చిపోయింది. ఇవాళ నిలబడినా పోవటం లేదు. దవడ దగ్గర ఉన్నది కిందికి దిగి, మెడ దాటి, రొమ్ము మధ్య ఎముక వెనక కూర్చుంది. నొప్పి అనలేం. సినిమాల్లో గుండె పట్టుకుని విరుచుకు పడతారే, అలాంటిది కాదు. ఎవరో తమ బరువంతా ఆన్చి, తీరిగ్గా, తొందరేమీ లేకుండా కూర్చున్నట్టు. సంచిలోంచి ఫోను తీసి చెల్లెలికి చేసింది. చెల్లెలు ఏదో నములుతూ ఎత్తింది.

"ఏంటక్కా, ఈ టైములో?"

"ఏం లేదే. మెట్లెక్కుతున్నా. ఛాతీలో ఏదో బిగపట్టినట్టుంది."

"పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా? ఖాళీ కడుపుతో తిరుగుతావు, గ్యాస్ పట్టేసి ఉంటుంది. వేడినీళ్ళు తాగి పడుకో. అక్కా, ఊపిరి ఏంటలా తీస్తున్నావు?"

"నేను కాదు," అనేసింది ఆమె, ఎందుకన్నదో తెలియకుండానే. ఫోనులో చెల్లెలు హలో హలో అంటుంటే పైన ఆ ఈల మళ్ళీ వినపడింది, లోపలికి, ఆగి, బయటికి. "ఇంటికెళ్ళి చేస్తా," అని పెట్టేసింది. ఇంటికెళ్ళి. పైకి చూస్తే మెట్ల మధ్య ఖాళీలోంచి ఒక మలుపు మీద ఇంకో మలుపు, రెయిలింగులు తిరుగుతూ తిరుగుతూ చిన్నవైపోయి, చివర్న తెల్లటి అద్దం ముక్క, దాని మీద పావురం నీడ. అది కదలటం లేదు. ఇల్లు అక్కడుంది, తాళం చెవి తన దగ్గరుంది, మంచినీళ్ళ గ్లాసు సింకు పక్కన బోర్లించి ఉంది, ఇంకొంచెం ఎక్కితే సరిపోతుంది. ఆయన కూడా ఇలాగే అనుకుని ఉంటాడు, ఇంకొంచెం ఎక్కితే సరిపోతుందని, ఇంట్లో పడుకుంటే సర్దుకుంటుందని.

మూడో అంతస్తు దగ్గర చెమట పట్టింది. ఎండ చెమట కాదు. ఎండ చెమట ఆమెకి తెలుసు, అది నుదుట మొదలై చెంపల మీదికి వస్తుంది. ఇది ఒళ్ళంతా ఒక్కసారి, వీపునుంచి అరికాళ్ళదాకా, చల్లగా, బావిలోంచి తీసినట్టు. ఎడమ చెయ్యి తనది కాదేమో అన్నంత బరువెక్కింది, ఆ చంకలోని తాను జారింది. పట్టుకుందామనుకునేసరికి అది మెట్ల మీద పడి, ఒక మెట్టు, ఇంకో మెట్టు, దొర్లుతూ విప్పుకుంటూ పోయింది. బూడిదరంగు గుడ్డ మెట్ల మీదుగా కిందికి నడుచుకుంటూ వెళ్తున్నట్టు, మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, అటు తిరిగి, కనపడకుండా పోయింది. కింద ఎక్కడో మెత్తగా ఆగిన చప్పుడు. ఆమె చూస్తూ నిలబడింది. మామూలుగా అయితే పరిగెత్తి వెళ్ళేది, మట్టి అంటుకుంటే షాపు యజమానురాలు చంపేస్తుంది, ఆ ఇంటివాళ్ళు ఎల్లుండికల్లా కిటికీలు మూయాలన్నారు. ఇప్పుడు ఆ గుడ్డ ఎవరిదో, ఆ కిటికీలు ఎవరివో. ఎక్కటమా, దిగటమా, రెండూ ఒకటే దూరం అనిపించింది, ఎవరూ లేని నూతిలో సరిగ్గా సగంలో వేలాడుతున్నట్టు. భయం వేసింది. చిన్నప్పుడు చీకట్లో వేసేది, మళ్ళీ ఇన్నేళ్ళకి పట్టపగలు వేసింది. ఆ భయంలోనే, దీపం దగ్గరికి తెచ్చినట్టు, ఆయన ఒక్కొక్క స్టాపూ కనపడింది. మూడో అంతస్తు వాసనల స్టాపు. ఇక్కడ నిలబడి ముక్కు ఎగరేసి, ఈ ఇంట్లో ఏం వండారో, ఆ ఇంట్లో ఏం మాడిందో చెప్పేవాడు. "కాసేపు ఆగితే ఉప్పు సరిపోయిందో లేదో కూడా చెప్తా," అనేవాడు. వాసన కోసం అంత పొడుగ్గా గాలి పీల్చక్కర్లేదు. అది గాలి కోసం పీల్చటం. జోకు ఒక్కటీ లేదు వాటిలో. ఆయాసానికి వేసిన కర్టెన్లు అవి, ఆమె కుట్టేవాటికంటే నేర్పుగా కుట్టినవి, ఎక్కడా అతుకు కనపడకుండా. ఆమెకే కాదు, ఆయనకే కనపడి ఉండదు. తనకి పన్ను ఉన్నట్టు ఆయనకి లేసు ఉంది.

నాలుగో అంతస్తు మలుపులో కిటికీ ఉంది. ఆయన దొరికింది అక్కడే. ఆమె ముందు వెళ్ళి తలుపు తీసి, పాలు పొయ్యి మీద పెట్టి, ఎంతకీ గంట చప్పుడు వినపడకపోతే కిందికి వచ్చి చూసింది. కిటికీ కింది మెట్టు మీద కూర్చుని, గోడకి తల ఆన్చి, బయటికి చూస్తున్నాడు. "ఏంటండీ, బస్సు ఆగిపోయిందా?" అంది ఆమె. అప్పటికే ఆయన చూడటం లేదు. ఇప్పుడు ఆ మెట్టు దగ్గరికి ఆమె ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంటూ వచ్చిందేమో. ఆ మెట్టు తనని పిలుస్తోందనిపించింది. కూర్చో, ఒక్క నిమిషం, కిటికీలోంచి గాలి వస్తుంది, తగ్గిపోతుంది. ఎంత హాయిగా ఉండేదో కూర్చుంటే. కూర్చుంటే మళ్ళీ లేవదు, ఆ సంగతి ఆమెకి ఎవరో చెవిలో చెప్పినట్టు తెలిసిపోయింది. సరిగ్గా అప్పుడు, ఆ మెట్టుకి ఎదురుగా ఉన్న తలుపు వెనకనుంచి, ఇక ఏ అనుమానానికీ చోటు లేకుండా, మూరెడు దూరంలోంచి, ఆ ఊపిరి. దీర్ఘంగా లోపలికి, చివర్న ఈల. ఆయనదే. అన్నేళ్ళు పక్కన పడుకుని విన్న ఊపిరి ఆమెకి తెలియదా. చెక్క తలుపుకి అవతల నిలబడి ఆయన ఊపిరి తీస్తున్నాడు, తలుపు మధ్యలో ఉన్న చిన్న అద్దం కంట్లో ఏదో నల్లగా కదిలింది.

అది బాకా మాస్టారి తలుపు. ఏదో బడిలో పిల్లలకి బ్యాండు నేర్పి రిటైరయిన మనిషి, ఒంటరివాడు, మధ్యాహ్నం పూట ఇంట్లో బాకా ఊదేవాడు. మిషను చప్పుడుకి తోడు ఈ చప్పుడేంటని ఒకసారి ఆమె కిందికొచ్చి నాలుగు మాటలు అనేసింది, మాస్టారు రెండు అన్నాడు, అక్కడితో మాటల్లేవు. భర్త పోయిన రోజున కూడా మాస్టారు గుమ్మం దగ్గరిదాకా వచ్చి, లోపలికి రాకుండా వెళ్ళిపోయాడు. తర్వాత మెట్ల మీద ఎదురుపడితే గోడ వైపు తిరిగేవాడు. ఆ మనిషి తలుపు కొట్టి ఏమంటుంది. కాస్త ఒంట్లో బాలేదు అంటుందా, నీళ్ళిస్తారా అంటుందా. అవతల ఉన్నది మాస్టారే అని నమ్మకం ఏంటి. తలుపు తెరిస్తే ఆయన ఉంటే. లేసులు లేని బూట్లతో ఉంటే, చెయ్యి చాచి, లేడీస్ సీటు ముందుకి అంటే. ఆయనతో వెళ్ళిపోవాలనిపించింది, దానికే అన్నిటికంటే ఎక్కువ భయమేసింది, వెళ్ళిపోవాలని అంత తేలిగ్గా అనిపించటం. కూర్చోకుండా, ఇంటికి ఎక్కకుండా, కుడిచెయ్యి ఎత్తి తలుపు మీద కొట్టింది. ఊపిరి ఆగిపోయింది. మళ్ళీ కొట్టింది, అరచేత్తో.

"మాస్టారూ, తలుపు తియ్యండి. నాకు గుండెనొప్పి వస్తోంది."

ఆ మాట అలా బయటికి వస్తుందని ఆమె అనుకోలేదు. గ్యాస్ లేదు, పన్ను లేదు, మిషను లేదు. గొలుసు జారిన చప్పుడు, గడియ తీసిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. బాకా మాస్టారు బనీను మీద శాలువా కప్పుకుని, మొహంలో నెత్తురు చుక్క లేకుండా నిలబడి ఉన్నాడు, దెయ్యాన్ని చూసినట్టు, ఆమె ఆయన్ని చూస్తున్నట్టే.

"మీరా," అన్నాడు. "మీరేనా. నేను... ఇంకెవరో అనుకున్నాను."

"ఎవరనుకున్నారు?"

"ముందు కూర్చోండి. ఇక్కడే, గుమ్మంలోనే. ఎక్కకండి." కుర్చీ తేవటానికి కూడా ఆగలేదు, గోడకి తలగడ పెట్టి ఆమెని నేల మీదే ఆనించి కూర్చోబెట్టి, మోకాళ్ళ కింద ఇంకోటి పెట్టి, ఫోను తీశాడు. అంబులెన్సు వాళ్ళతో మాట్లాడుతూ ఆమె వైపు తిరిగి ఒక్కోటే అడిగాడు. "ఎక్కడ నొప్పి అంటున్నారు... ఛాతీ, దవడ, ఎడమ చెయ్యి, అవునండీ, చెమటలు కూడా, ఆయాసం కూడా. ఆగినా తగ్గటం లేదట. అమ్మా, మీకు ఆస్పిరిన్ పడకపోవటం లాంటిదేమైనా ఉందా? రక్తం పోయే జబ్బేమైనా? లేవా, అయితే ఈ మాత్ర నమలమంటున్నారు, మింగద్దట, నమలాలట. కదలొద్దట. బండి బయల్దేరింది."

మాత్ర చేదుగా, సున్నంలా నాలుక మీద కరిగింది. వరండాలో ఎండ చారిక నేల మీద సాగి ఉంది, అందులో దుమ్ము తేలుతోంది, ఎంత నెమ్మదిగా తేలుతోందో, ఆమె దాన్నే చూస్తూ ఒక్కో ఊపిరీ తీసుకుంటోంది. మాస్టారు ఎదురుగా నేల మీదే చతికిలబడ్డాడు. ఆమె మొహం చూడకుండా మొదలుపెట్టాడు.

"ఆ రోజు కూడా ఇలాగే ఊపిరి వినిపించిందమ్మా. ఇదే చోట. మీ ఆయన రోజూ ఇక్కడ నిలబడేవాడు కదా, ఇవాళా అంతే అనుకున్నాను. లోపల కూర్చుని వింటూనే ఉన్నాను. కాసేపటికి చప్పుడు ఆగిపోయింది. పోన్లే, పైకెళ్ళిపోయాడు అనుకున్నాను." శాలువా అంచు వేలికి చుట్టుకున్నాడు. "అప్పట్నుంచి మెట్ల మీద ఎవరు నడిచినా తలుపు దగ్గరికి వచ్చి నిలబడతాను. ఇవాళ మీ ఊపిరి విని ఆయనే వచ్చాడనుకున్నాను. తియ్యటానికి భయమేసింది."

"నేను పైన పాలు పొంగకుండా చూసుకుంటూ ఉన్నాను మాస్టారూ," అంది ఆమె. అదే సరిపోయినట్టు మాస్టారు తలదించుకున్నాడు.

కింద బండి మోత, మెట్ల మీద బూట్ల పరుగు. తెల్లచొక్కా పిల్ల ఒకతి, వెనక ఇద్దరు మగవాళ్ళు, మడత కుర్చీ. "గుడ్డ ఎవరిదో మెట్లంతా పరిచారే, కాళ్ళకి అడ్డం పడి చచ్చాం," అంటూనే ఆ పిల్ల ఆమె వేలికి ఏదో తగిలించి, ఛాతీకి తీగలు అతికించి, కాగితం మీద గీతలు చూసి, నవ్వటం మానేసి, "పదండి, ఆలస్యం చెయ్యొద్దు," అంది. ఆమెని కుర్చీకి కట్టి ఎత్తారు. మెట్లు వెనక్కి, కిందికి, నాలుగు, మూడు, రెండు, రెయిలింగులు పైకి లేస్తూ తిరిగిపోయాయి, ఎప్పుడు తెరుచుకున్నాయో రెండు మూడు తలుపుల్లో మొహాలు కూడా కనపడ్డాయి. ముక్కు మీద మాస్కు పెట్టారు. లోపలికి వచ్చే గాలికి రబ్బరు వాసన ఉంది, ఆ గాలి మాత్రం ఎటూ పోకుండా లోపలికే వెళ్ళింది. రక్తనాళం ఒకటి దాదాపు మూసుకుపోయిందనీ, ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమనీ తర్వాత డాక్టరమ్మ చెప్పింది, తీగ పంపి తెరిచి చిన్న గొట్టం పెట్టారు, అదంతా తర్వాత. బండిలో పడుకోబెట్టాక ఆమె తల తిప్పి చూస్తే, ఇంటి చెప్పులతో, తలుపు తాళమైనా వేశాడో లేదో, బాకా మాస్టారు కూడా ఎక్కి కూర్చుని ఉన్నాడు. తలుపులు మూసుకున్నాయి. బయటి చప్పుడు పోయి లోపలి చప్పుడు మిగిలింది, మిషను కీచుకీచుమంటోంది, దాని కింద, దీర్ఘంగా లోపలికి, చివర్న ఈల, ఆగి, మళ్ళీ.

ఆయనది కాదు. ఆయన ఎక్కడా లేడు. ఎదురుగా మాస్టారి శాలువా లేస్తోంది, పడుతోంది, పెదాల అంచులు నల్లబడి ఉన్నాయి, ఒక చేత్తో ఛాతీ మీద మెల్లగా రుద్దుకుంటున్నాడు, తను రుద్దుకుంటున్నట్టు తనకే తెలియకుండా. ఎన్నాళ్ళయిందో మధ్యాహ్నాలు బాకా వినపడి. తన మాటకి కోపమొచ్చి మానేశాడనుకుంది ఇన్నాళ్ళూ. ఆమె మాస్కు కిందికి లాగింది.

"అమ్మా, అది తియ్యకూడదు," అంది పిల్ల.

"మాస్టారూ, బాకా ఎందుకు మానేశారు?"

"ఇప్పుడా అడగటం? వయసైపోయింది, ఊదలేకపోతున్నాను. నా సంగతెందుకు, మెట్లు దిగాను కదా, కాస్త ఆయాసం, అంతే."

ఆమె ఎడమ చెయ్యి లేవలేదు, కుడిచేత్తో ఆ పిల్ల చొక్కా అంచు గట్టిగా పట్టుకుంది.

"అమ్మాయ్, ఆ తీగలు ఆయనకి కూడా పెట్టు."